లైనప్ వేసేది రిలీజ్ నుంచి వెనక్కి
సినిమా తీసేవాళ్లు విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ ముందు కూర్చుంటే, కథ సగం వినకముందే "ఎప్పుడు వదులుతున్నారు?" అంటాడు. అందుకే లైనప్‌ని, అంటే ఏ సినిమా ఎప్పుడు తీయాలన్న వరసని, రిలీజ్ నుంచి వెనక్కి లెక్కేయండి. సంక్రాంతి, వేసవి, దసరా వీటిలో ఒక్కదానికే మీ పెద్ద సినిమా పెట్టుకోండి, అదీ సంక్రాంతికి స్టార్లవి మూడు నాలుగు దిగితే కృష్ణా, గుంటూరు ఏరియాల్లో మీకు థియేటర్లు దొరకడమే గగనం. సెన్సార్, గ్రాఫిక్స్, హీరో డేట్లు అన్నీ వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే షూటింగ్ ఎప్పుడు మొదలెట్టాలో తేలుతుంది. అది ఆషాఢంలో పడితే ముహూర్తానికి ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు, అది వేరే గొడవ. పెద్దదాంట్లో డబ్బు ఇరుక్కున్నప్పుడు తిప్పుకోవడానికి పక్కన ఓ చిన్న సినిమా నడపండి. స్క్రిప్టు పూర్తికాని సినిమాకి మాత్రం పోస్టర్ మీద డేట్ వేయొద్దు. ఇక ఓటీటీ వాళ్లు కొన్నాక తేదీ మీ ఒక్కరి చేతిలో ఉండదు, ఆలస్యమైతే ఇచ్చే డబ్బులో ఎంత కోస్తారో అగ్రిమెంట్‌లో చూసుకున్నాకే సంతకం పెట్టండి.