ఇంటి ముందరి చెట్టుకు వైద్యం – 5వ పాఠం: తొర్ర పడిన చెట్టు

గత పాఠంలో కొమ్మను దాని మొదట ఉండే ఉబ్బుకు గాయం కాకుండా ఎక్కడ కోయాలో నేర్చుకున్నాం. ఆ ఉబ్బును లెక్కచేయకుండా కాండానికి సమంగా కోసేసిన కోతలే చాలా ఏళ్ల తరువాత తొర్రలుగా బయటపడతాయి. హైదరాబాద్ కాలనీల్లో రోడ్ల వెంట ఉన్న నిద్రగన్నేరు, తురాయి, పచ్చపూల పెల్టోఫోరం, వేప, కానుగ చెట్లను నిదానంగా చూస్తూ నడిస్తే ప్రతి వీధిలోనూ తొర్ర పడిన చెట్టు కనీసం ఒకటైనా కనిపిస్తుంది. అలాంటి చెట్టును చూసినవారు సాధారణంగా రెండే మాటలు చెబుతారు: కొట్టేయించమని ఒకరు, సిమెంటు పెట్టించమని మరొకరు. ఈ రెండూ చాలా సందర్భాల్లో తప్పు సలహాలే. ఎందుకో తెలియాలంటే ముందు తొర్ర ఎలా ఏర్పడుతుందో తెలియాలి.

మన శరీరంలో గాయమైన కణజాలం స్థానంలో కొత్తది పుడుతుంది. చెట్టుకు ఆ శక్తి లేదు. ఒకసారి పాడైన కర్ర మళ్లీ బాగుపడదు. చెట్టు చేయగలిగినదల్లా పాడైన భాగాన్ని చుట్టుముట్టి బంధించి, దాని బయట కొత్త కర్రను పెంచుకుంటూ పోవడమే. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా చీల్చి పరిశీలించి, 1977లో ఈ విషయాన్ని నాలుగు గోడల నమూనాగా వివరించారు. మొదటి గోడ కుళ్లును పైకీ కిందికీ పాకకుండా అడ్డుకుంటుంది. గాయం దగ్గర నీటి నాళాలు మూసుకుపోవడం వల్ల అది ఏర్పడుతుంది, నాలుగింటిలోనూ బలహీనమైనది అదే. అందుకే తొర్రలు అడ్డంగా కంటే నిలువుగా ఎక్కువ పొడవు ఉంటాయి. రెండో గోడ లోపలి వైపుకూ, మూడోది పక్కలకూ వ్యాపించకుండా అడ్డుపడతాయి. నాలుగోది గాయమైన తరువాత బెరడు కింది కేంబియం పొర కొత్తగా నిర్మించే గోడ. గాయమైన నాటికి ఉన్న కర్రకూ ఆ తరువాత పెరిగే కర్రకూ మధ్య అది సరిహద్దుగా నిలుస్తుంది. నాలుగింటిలోనూ అన్నిటికంటే గట్టిది ఇదే.

దీని నుంచి ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. ఇరవై సెంటీమీటర్ల వ్యాసం ఉన్నప్పుడు గాయపడిన చెట్టు తరువాత అరవై సెంటీమీటర్లకు పెరిగితే, నాలుగో గోడ నిలిచినంత కాలం లోపలి బోలు ఆ పాత ఇరవై సెంటీమీటర్లలోనే ఉంటుంది. గోల్కొండ నయాఖిల్లాలోని బావోబాబ్ చెట్టు కాండంలో మనుషులు దూరేంత ఖాళీ ఉన్నా అది శతాబ్దాలుగా నిలిచే ఉంది. కాబట్టి తొర్ర కనిపించగానే చెట్టు చావుకు దగ్గరైందని తీర్మానించకూడదు. అయితే గోడలు కట్టే శక్తి అన్ని జాతులకూ సమానం కాదు. చింత, వేప బోలుగా మారినా చాలాకాలం బతుకుతాయి. తురాయి అలా కాదు. దాని కర్ర మెత్తన, కుళ్లు త్వరగా పాకుతుంది. ఈ నగరంలో తురాయి తొర్రను వేప తొర్ర కంటే ఎక్కువ అనుమానంతో చూడాలన్నది నా అభిప్రాయం.

సిమెంటు సంగతికి వద్దాం. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికాలో తొర్రను గీకి, శుభ్రం చేసి, కాంక్రీటుతో నింపడం పెద్ద వృత్తిగా సాగింది. ఆ పద్ధతి మన తోటల్లోనూ ఇంకా మిగిలి ఉంది. దానిలో మూడు లోపాలున్నాయి. గట్టి కర్ర తగిలేదాకా గీకితే, చెట్టు ఏళ్ల తరబడి కట్టుకున్న గోడను మన చేతులతోనే పగలగొట్టినట్టవుతుంది, కుళ్లు కొత్త కర్రలోకి అడుగుపెడుతుంది. రెండోది, గాలికి కాండం వంగుతుంది కానీ కాంక్రీటు వంగదు, ఆ రాపిడికి అంచుల్లో చీలికలు వచ్చి తేమ అక్కడ నిలుస్తుంది. మూడోది, ఎన్నటికైనా ఆ చెట్టును కోయవలసి వస్తే రంపం పట్టినవారికి లోపలి కాంక్రీటు ప్రాణాపాయం తెస్తుంది. ఇటుక ముక్కలు, తారు, ఫోమ్ వంటివి కూడా చెట్టుకు బలాన్ని ఇవ్వవు. కోత మీద పూసే రంగులు, లేపనాలు కూడా కుళ్లును ఆపవని షైగో బృందం ప్రయోగాల్లోనే తేలింది. తొర్రలోంచి చేతితో తీస్తే వచ్చే పొడినీ ఆకులనూ తీయవచ్చు. అంతకు మించి ఉలి, గునపం తాకనీయకండి.

తొర్రలో వాన నీరు నిలిస్తే కింద రంధ్రం వేసి వదిలేయమని కొందరు చెబుతారు. అది కూడా గోడను పగలగొట్టడమే. నీటిలో పూర్తిగా నానిన కర్రకు ఆక్సిజన్ అందదు కనుక శిలీంధ్రాలు అక్కడ చురుగ్గా పెరగలేవు. నీటి వల్ల చెట్టు కంటే మనకే ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే డెంగీని మోసే ఏడిస్ దోమలు చెట్టు తొర్రల నీటిలోనూ గుడ్లు పెడతాయి. వర్షాకాలంలో తొర్రలో నీరు నిలుస్తుంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందును కొలత ప్రకారం వేయవచ్చు. పక్షులు ఉపయోగించని చిన్న తొర్రైతే సన్నని జాలీ కట్టవచ్చు.

ఇక పరీక్ష. చాలామంది నేరుగా తొర్ర దగ్గరికి వెళతారు. మీరు మాత్రం కాండం మొదలు నుంచి ప్రారంభించండి. చెట్లు కూలడానికి తొర్ర కంటే వేరు కుళ్లు తరచుగా కారణమవుతుంది, అది కంటికి త్వరగా కనిపించదు. కాండం నేలను తాకే చోట మట్టి, చెత్త తొలగించి వేర్ల మొదళ్లు వెడల్పుగా విచ్చుకుని ఉన్నాయో లేదో చూడండి. అక్కడ చెక్కలా గట్టిగా, పైన గోధుమ రంగులో నిగనిగలాడుతూ, అంచు లేతగా ఉన్న పుట్టగొడుగు అంటుకుని ఉంటే అది గానోడెర్మా కావచ్చు. వేర్లనూ కాండం అడుగునూ తినే ఆ శిలీంధ్రం కనబడిన చెట్టును నిపుణుడికి చూపించక తప్పదు. ఇలాంటి పుట్టగొడుగులు వానల చివర్లో స్పష్టంగా కనిపిస్తాయి కనుక సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఒక పరిశీలన తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు ముందు, మార్చిలో రెండోది చేయాలి. చెట్టు పాతకాలం నుంచి ఒక వైపు వంగి, పై భాగం మళ్లీ నిటారుగా లేచి ఉంటే అంత భయం లేదు. కొత్తగా వాలి, వాలిన దిక్కుకు వెనుక వైపున నేల పైకి లేచినా పగిలినా అక్కడ మనం చేసే వైద్యం ఏమీ లేదు. ఆ చోటికి మనుషులను రానివ్వకుండా అధికారులకు వెంటనే తెలపడమే పని.

తరువాత కాండం. కొయ్య సుత్తితో నేల నుంచి పైకి, జానెడు జానెడు దూరంలో, చుట్టూ కొడుతూ వినండి. గట్టి కర్ర పొడిగా, తక్కువ శబ్దం చేస్తుంది. పలచని గోడ వెనుక ఖాళీ ఉంటే మోత వస్తుంది. బెరడు ఊడిపోయినా ఇలాంటి మోతే వస్తుంది కనుక ఒక్క దెబ్బతో నిర్ణయించకండి. రావి, మర్రి వంటి మడతలున్న కాండాల దగ్గర చెవిని ఇంకా తక్కువ నమ్మాలి. తొర్ర నోరు తెరిచే ఉంటే సన్నని ఇనుప ఊచను ఆ దారిలోనే నెమ్మదిగా పోనిచ్చి లోతు కొలవవచ్చు. ఎక్కడా కొత్త రంధ్రం చేయకూడదు.

ఇప్పుడు లెక్క. వెదురు బొంగు లోపల ఖాళీగా ఉండి కూడా బరువు మోస్తుంది కదా, కాండానికీ అంతే, కేంద్రంలోని కర్ర కంటే అంచున ఉన్న కర్రే వంపును ఎక్కువగా తట్టుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ 1990లలో నిలిచిన, విరిగిన చెట్లను పోల్చి, మిగిలిన గట్టి గోడ మందం కాండం వ్యాసార్ధంలో 0.3 వంతు కంటే తగ్గితే విరిగే ప్రమాదం పెరుగుతుందని సూచించారు. ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల వద్ద, మీ చెట్టు చుట్టుకొలత 190 సెంటీమీటర్లు ఉందనుకోండి. 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 60, వ్యాసార్ధం 30. చుట్టూ 9 సెంటీమీటర్ల గట్టి కర్ర మిగిలి ఉంటే ఆ సూత్రం ప్రకారం సరిపోతుంది. బెరడు మందాన్ని మాత్రం తీసివేసి లెక్కించండి. సరిగ్గా 0.3 వంతు గోడ మిగిలిన గొట్టానికి పూర్తి దుంగ వంపు బలంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఉంటుంది: లోపలి ఖాళీ వ్యాసార్ధంలో 0.7 వంతు కదా, 0.7 × 0.7 × 0.7 × 0.7 చేస్తే 0.24, పోయేది అంతే. ఈ సూత్రాన్ని నేను మొదటి వడపోతగా మాత్రమే వాడమంటాను. తొర్ర నోరు చుట్టుకొలతలో మూడో వంతుకు దగ్గరపడితే, ఖాళీ ఒక పక్కకే ఉంటే, గోడలో నిలువు చీలికలుంటే ఈ లెక్క చెల్లదు. అలాగే, కొమ్మలు ఇప్పటికే తగ్గిన పొట్టి ముదుసలి చెట్టుకు 0.3 కంటే తక్కువ గోడ కూడా చాలవచ్చు.

అనుమానం మిగిలితే పరికరాలున్నాయి. కాండం చుట్టూ సెన్సర్లు అమర్చి సుత్తితో కొట్టి, శబ్ద తరంగం ఒక సెన్సర్ నుంచి మరొకదానికి చేరే సమయాన్ని కొలిచే సోనిక్ టోమోగ్రఫీ ఒకటి. కుళ్లిన చోటును తరంగం చుట్టి రావాలి కనుక ఆలస్యమవుతుంది, దాని ఆధారంగా అడ్డకోత చిత్రం గీస్తారు. రెండోది సన్నని సూదిని లోపలికి పంపి కర్ర నిరోధాన్ని గీతగా నమోదు చేసే రెసిస్టోగ్రాఫ్. అది కూడా గోడలోంచే దూరుతుంది కనుక అవసరమైన చోట్ల మాత్రమే, తక్కువసార్లు వాడాలి.

పరీక్షలోని చివరి ప్రశ్న చెట్టుకు సంబంధించినది కాదు: కూలితే ఎవరి మీద పడుతుంది? పార్కు మూలన ఉన్న బోలు చెట్టుకూ, బడి గేటు పక్కన ఉన్నదానికీ ప్రమాదం ఒకటి కాదు. కింద ఉన్న బెంచీని, బండ్ల పార్కింగ్‌ను పది మీటర్లు జరిపితే చెట్టుకు ఒక్క కోత కూడా పడకుండా సమస్య తీరిపోయే సందర్భాలు నేను అనుకున్నవాటికంటే ఎక్కువే ఉన్నాయి.

వైద్యం చేయవలసిందే అయితే తొర్రలో కాదు, పైన చేయాలి. గాలి తోపు దాని వేగపు వర్గంతో పెరుగుతుంది (వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు), చెట్టు ఎత్తు ఆ తోపుకు మీట అవుతుంది. అందువల్ల కొనలను కొంత తగ్గించినా కాండం అడుగున పడే భారం గణనీయంగా తగ్గుతుంది. పొడవైన కొమ్మను దాని మందంలో కనీసం మూడో వంతు ఉన్న పక్క కొమ్మ దగ్గరకు కోయాలి, అప్పుడు ఆ పక్క కొమ్మ కొనగా మారి పెరుగుదలను అందుకుంటుంది. ఒక ఏడాదిలో నాలుగో వంతుకు మించి ఆకు పోకూడదు. ముదుసలి చెట్లకు పదో వంతు చాలు, మిగతాది రెండు మూడేళ్లలో చేయవచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కరెంటు తీగల కింద చెట్లను తల మొత్తం నరికి మొండిగా వదిలేయడం వైద్యం కాదు. ఆకులే ఆహారం తయారు చేస్తాయి, ఆ ఆహారంతోనే చెట్టు గోడలు కడుతుంది. తల పోయిన చెట్టు ఆకలితో గోడలు కట్టలేక కొత్త కోతలన్నిటి గుండా కుళ్లుతుంది. ఏడాదికి మొలిచే గుబురు చిగుళ్లు పైపైన అతుక్కుని ఉండి, పెద్దవయ్యాక సులువుగా ఊడిపడతాయి.

బరువైన కొమ్మకు ఊతం ఇవ్వడం మరో మార్గం. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రికి 2018లో చేసిన చికిత్స మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. చెదలు పట్టిన ఆ మహావృక్షానికి సెలైన్ సీసాల ద్వారా పలుచన చేసిన క్లోరోపైరిఫాస్ ఎక్కించారు, బరువైన కొమ్మల కింద ఊతాలు నిలబెట్టారు, సందర్శకులను దూరంగా ఉంచారు. ఆ మందు చెదల మీద పనిచేస్తుంది, శిలీంధ్రం మీద కాదు. మీ ఇంటి చెట్టుకు సెలైన్ కట్టమని నేను చెప్పను. కానీ ఊతాలు పెట్టడం, తొక్కిడి తగ్గించడం అనే రెండు పనులనూ ఆ చికిత్స నుంచి నేర్చుకోవాలి. చీలిపోయే జంట కొమ్మలను కేబుల్‌తో కలపడం వచ్చే పాఠంలో వస్తుంది. అప్పటిదాకా కొమ్మ చుట్టూ తీగ బిగించి కట్టే పని మాత్రం చేయకండి. లావయ్యే కొమ్మను ఆ తీగే కోసేస్తుంది.

నేల గురించి చెప్పకుండా ఈ పాఠం పూర్తి కాదు. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ వంటి చోట్ల రాతి మీద మట్టి పలచన, వేర్లు లోతుకు పోలేవు. ఆ ఉన్న కొద్ది మట్టి మీదా సిమెంటు పోస్తే చెట్టుకు ఊపిరి ఆడదు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు వరకు కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. మన వీధిలోనూ అంత చోటు వదలడం ఎవరికీ భారం కాదు. ఆ చోటులో ఎండుటాకులు, చిన్న కొమ్మల ముక్కలు ఐదు నుంచి పది సెంటీమీటర్ల మందంగా పరచి, కాండానికి తగలకుండా జానెడు ఎడం ఉంచండి. రావి, వేప చెట్లకు అరుగు కట్టే చోట మట్టి కాండం మీదికి ఎక్కకుండా, వేర్ల మొదళ్లు బయటకు కనిపించేలా ఖాళీ వదిలి కట్టవచ్చు. పూజకు వచ్చేవారికి ఇబ్బంది ఉండదు, చెట్టూ బతుకుతుంది. చెత్త తగలబెట్టేవారు ఆ మంటను తొర్ర మొదట్లో పెట్టడం నగరంలో మామూలైంది. పొడి కర్ర లోపల నిప్పు రాత్రంతా రాజుకుంటుంది. కాలనీ సంఘం ముందుగా ఆపవలసింది ఇదే.

తొర్రలో రామచిలుకలు, కంసాలి పిట్టలు, గోరింకలు, చిన్న గుడ్లగూబలు ఉంటాయి. చలికాలం చివరి నుంచి వేసవి దాకా వాటికి గూళ్ల కాలం కనుక, ప్రమాదం ముంచుకురాకపోతే కొమ్మల పని ఆ నెలల్లో పెట్టుకోవద్దు. చెట్టును కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. వీధి చెట్టైతే నగరపాలక సంస్థకు, తీగలకు తగులుతుంటే విద్యుత్ శాఖకు రాయండి. నిచ్చెన ఎక్కి కోసే పని మాత్రం శిక్షణ పొందినవారికే వదలండి.

ఈ పక్షానికి మీ పని: మీ వీధిలో తొర్ర పడిన చెట్టును ఒకదాన్ని ఎంచుకుని జాతి, చుట్టుకొలత, తొర్ర నోరు వెడల్పు, ఎత్తు, సుత్తి మోత మారిన చోట్లు, కాండం మొదట ఏం కనబడింది, కింద ఎవరు తిరుగుతారు అన్నవి నోటు పుస్తకంలో రాయండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి తేదీ వేయండి. మార్చిలో అదే చోట నిలబడి మళ్లీ తీసే ఫొటోలను వీటితో పోల్చితేనే కుళ్లు పాకుతోందా, ఆగిందా అన్నది తెలుస్తుంది. కేబుళ్ల పాఠంలో ఈ కొలతలే వాడతాం కనుక చుట్టుకొలతను సెంటీమీటర్లలోనే రాసుకోండి.