వానలు మొదలయ్యేలోపే మీ లినక్స్ మెషీన్‌ను ఒకసారి ఆపి చూడండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు మూడో వారం తర్వాతే. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక బంగాళాఖాతంలో ఒకదాని వెనక ఒకటి అల్పపీడనాలు, వాయుగుండాలు. డిసెంబరు దాకా కరెంటు ఎప్పుడు పోతుందో, పోయిన నెట్ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. కాలేజీ ల్యాబుల్లో సర్వర్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తూచే కాటాల దగ్గర కంప్యూటర్లు, రొయ్యల హేచరీల్లో రీడింగులు నమోదు చేసే మెషీన్లు, షాపుల్లో బిల్లింగ్ సిస్టమ్‌లు, ఇలాంటి వాటిలో లినక్స్ మీద నడిచేవాటిని మామూలు రోజుల్లో నెలల తరబడి ఎవరూ ఆపరు. ఈ కాలంలో మాత్రం అవి ఉన్నట్టుండి ఆగిపోతాయి, మళ్లీ లేవాల్సి వస్తుంది.

అప్పుడు మెషీన్ లేస్తుంది కానీ ప్రోగ్రాం లేవదు. స్క్రీన్ మీద 'ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్' అని, పక్కన ఒక లైబ్రరీ పేరు, చివర 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని కనపడుతుంది. కరెంటు పోవడం వల్లే ఫైలు పాడైందని వెంటనే అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. ఆ లైబ్రరీ జులైలోనో ఆగస్టులోనో ఎవరో అప్‌డేట్ కొట్టినప్పుడే పోయి ఉంటుంది. కరెంటు పోయేదాకా ఆ సంగతి బయటపడలేదు, అంతే.

షేర్డ్ లైబ్రరీ అంటే ఇంటింటికీ రోలు పెట్టుకోకుండా ఊరంతా ఒకే మిల్లుకు ధాన్యం తోలడం లాంటిది. ఎన్‌క్రిప్షన్, ఫాంట్లు, డేటాబేస్‌తో మాట్లాడటం లాంటి పనులకు ప్రతి ప్రోగ్రామూ సొంత కోడ్ మోయకుండా, సిస్టమ్‌లో ఉన్న ఒకే ఫైలును అన్నీ వాడుకుంటాయి. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు లోడర్ ఆ ఫైలును పేరుతో వెతికి మెమరీలోకి తెస్తుంది. ఒకసారి తెచ్చాక, డిస్క్ మీద ఆ ఫైలును తీసేసినా నడుస్తున్న ప్రోగ్రాంకు ఏమీ కాదు. డైరెక్టరీలో పేరు పోతుంది కానీ, దాన్ని పట్టుకుని ఉన్న చివరి ప్రోగ్రాం ఆగేదాకా లోపలి డేటా డిస్క్ మీదే ఉంటుంది. లినక్స్ పనిచేసే పద్ధతే అది. అందుకే లైబ్రరీ లేకుండానే బిల్లింగ్ మూడు నెలలు చక్కగా నడిచేస్తుంది. తుపాను రాత్రి కరెంటు పోయి వచ్చాక కొత్తగా మొదలవబోయి, పేరుతో వెతికి, దొరక్క ఆగిపోతుంది.

కాబట్టి నేను గట్టిగా చెప్పేది ఇదే. దసరా సెలవుల్లో, వాన లేని రోజున, నెట్ బాగా ఉన్నప్పుడు, మీ మెషీన్‌ను మీరే ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఆ రోజు ఏదైనా లేవకపోయినా సరిచేసుకునే వీలుంటుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజున నెట్ లేకపోతే, నెల్లూరు నుంచి కావలికి ఒక పెన్‌డ్రైవ్ పంపే దారి కూడా ఉండదు.

ఆపే ముందు బ్యాకప్ తీసుకోండి. డేటాబేస్ కాపీ వేరే డిస్క్‌లోకి, సిస్టమ్‌కు టైమ్‌షిఫ్ట్ లాంటి దానితో స్నాప్‌షాట్. తర్వాత రూట్ హోదాలో (అంటే సిస్టమ్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ నడిపి, డీఈఎల్ అని గుర్తు పడ్డ వరుసలు చూడండి. (ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్లన్నీ టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.) డిస్క్ మీద నుంచి తీసేసినా ఇంకా వాడుకలో ఉన్న ఫైళ్లు అవి. వాటిలో కొన్నింటికి అదే పేరుతో కొత్త ఫైలు వచ్చి ఉంటుంది, వాటితో భయం లేదు. పేరే లేకుండా పోయిన లైబ్రరీ కనపడితే మాత్రం ఆ ప్రోగ్రాం ఈసారి ఆగితే లేవదని ముందే తెలిసినట్టే.

లైబ్రరీ అసలెందుకు పోతుంది? ఎక్కువగా ఆటోరిమూవ్ వల్ల, అంటే ఇక అక్కర్లేదనిపించిన ప్యాకేజీలను తీసేసే కమాండ్ వల్ల. బయటివాళ్లు తయారుచేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నో కాటా సాఫ్ట్‌వేర్‌నో ప్యాకేజీగా కాకుండా నేరుగా ఆప్ట్ (ఇంగ్లీషు 'ఓ'తో మొదలయ్యేది) ఫోల్డర్‌లోకి కాపీ చేసి వెళ్తారు. దానికి ఏ లైబ్రరీ కావాలో ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు. ఎవరికీ అక్కర్లేదనుకుని తీసేస్తుంది. మీకు కావాల్సిన లైబ్రరీ ప్యాకేజీని ఆప్ట్ హైఫన్ మార్క్ మాన్యువల్ అని గుర్తు పెట్టండి (కమాండ్లలో ఆప్ట్ ఇంగ్లీషు 'ఏ'తో మొదలవుతుంది), ఆటోరిమూవ్ దాని జోలికి పోదు. 'ఈ ప్యాకేజీలు తీసేస్తాను' అని చూపించే జాబితాను చదవకుండా వై కొట్టే అలవాటు దయచేసి మానండి.

రెండో కారణం వెర్షన్ మారడం. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో 20.04 వెర్షన్‌కు మామూలు సపోర్ట్ 2025 మేలో ముగిసింది కాబట్టి పైకి వెళ్లాలనే ఆరాటం ఉంటుంది. వెళ్లాల్సిందే. కానీ అక్టోబరు, నవంబరు, డిసెంబరులో వద్దు. సంక్రాంతి దాటాక చేయండి. ఇప్పటికే బయటి నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్ అయితే దసరాకు ముందే చేసేయండి. 22.04లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వచ్చింది, పాత 1.1 లైబ్రరీ పోయింది. యాప్‌ఇమేజ్‌లు (ఒకే ఫైలుగా వచ్చే ప్రోగ్రాంలు) నడవడానికి కావాల్సిన లిబ్‌ఫ్యూజ్2 దానంతట అది రాదు, విడిగా వేసుకోవాలి. 24.04లో లిబ్‌టిన్ఫో5 లేదు, కొన్ని ప్యాకేజీల పేర్ల చివర టీ64 చేరింది. పాత పేరుతో వెతికి 'ప్యాకేజీ లేదు' అనుకునే ముందు ఆ పేరుకు టీ64 తగిలించి కూడా చూడండి.

రీస్టార్ట్ అయ్యాక ప్రతి ప్రోగ్రాం ఫైలు మీదా ఎల్‌డీడీ నడపండి. ఏ లైబ్రరీ ఎక్కడ దొరికిందో వరసగా చూపిస్తుంది. 'నాట్ ఫౌండ్' అని ఉన్నవి మీ పని. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైలు మీద ఎల్‌డీడీ వాడొద్దు, ఒక్కోసారి అది ఆ ఫైలులోని కోడ్‌ను నడిపేస్తుంది. అలాంటప్పుడు ఆబ్జ్‌డంప్ హైఫన్ పీ ఇచ్చి 'నీడెడ్' వరుసలు చదివితే చాలు.

ఎల్‌డీడీ అంతా బాగుందన్నా నమ్మకండి. కొన్ని లైబ్రరీలను ప్రోగ్రాం మొదట్లో అడగదు. ప్రింట్ కొట్టినప్పుడో, డేటాబేస్ తెరిచినప్పుడో అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. అవి ఎల్‌డీడీ జాబితాలో రావు. కాబట్టి ఒక బిల్లు నిజంగా ప్రింట్ చేయండి. ఒక లారీ తూకం నిజంగా ఎక్కించండి. విద్యార్థి లాగిన్‌తో ల్యాబ్‌లో ఒక ప్రోగ్రాం కంపైల్ చేసి చూడండి.

టెర్మినల్‌లో నడుస్తుంది, బూట్ అయినప్పుడు మాత్రం లేవదు. ఇది బాగా తిప్పలు పెట్టే రకం. ఎవరో ఎప్పుడో లైబ్రరీల కోసం ఎక్కడ వెతకాలో లోడర్‌కు చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌ను టెర్మినల్‌లో పెట్టి ప్రోగ్రాం మొదలుపెట్టి ఉంటారు, ఆ టెర్మినల్‌తోపాటే అదీ పోతుంది. టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బ్యాష్‌ఆర్‌సీ ఫైలులో రాసినా, బూట్‌లో ప్రోగ్రాంలను లేపే సిస్టమ్‌డీ సర్వీసు దాన్ని చదవదు. సుడోతో నడిపినా మామూలుగా అది చేరదు. లైబ్రరీ ఉన్న ఫోల్డర్ పేరును ఈటీసీలోని ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ అనే ఫోల్డర్‌లో, పేరు చివర .కాన్ఫ్ ఉండే ఒక చిన్న ఫైలుగా రాసి, రూట్ హోదాలో ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. లోడర్ చూసే జాబితా కొత్తగా తయారవుతుంది, రీస్టార్ట్‌లకు చెక్కుచెదరదు. ఎల్‌డీకాన్ఫిగ్ హైఫన్ పీ ఇస్తే ఆ జాబితాలో మీ లైబ్రరీ చేరిందో లేదో కనపడుతుంది. లైబ్రరీలు వేరే డిస్క్‌లో ఉంటే ఆ డిస్క్ పేరు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ చేయాలో ఉండే ఫైలు) ఉందా అని కూడా చూడండి. చేత్తో మౌంట్ చేసిన డిస్క్ కరెంటు పోయి వచ్చాక తనంతట తాను రాదు.

ఫైలు కళ్లెదుట ఉన్నా 'నో సచ్ ఫైల్' అంటే అది 32 బిట్ ప్రోగ్రాం కావచ్చు. పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్లలో ఇది మామూలే. ఫైల్ కమాండ్‌తో చూస్తే తెలిసిపోతుంది. ఐ386 ఆర్కిటెక్చర్ చేర్చి, ఆ రకం లైబ్రరీలు వేయాలి.

ఇక నెట్ లేని రోజులకు సామాను. మీకు ముఖ్యమైన ప్రోగ్రాంలకు కావాల్సిన ప్యాకేజీలన్నీ నెట్ ఉండగానే ఒక పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోండి. ఆప్ట్ డౌన్‌లోడ్ ఇస్తే అడిగిన ప్యాకేజీ ఒక్కటే వస్తుంది, దానికి కావాల్సినవి రావు, వాటినీ పేరుపేరునా అడగాలి. ఆప్ట్ హైఫన్ ఫైల్ వేసి దాని జాబితాను కూడా అప్‌డేట్ చేసి ఉంచండి. ఏ లైబ్రరీ ఏ ప్యాకేజీలో ఉంటుందో నెట్ లేకుండానే చెబుతుంది. ఫెడోరా లాంటి వేరే రకం లినక్స్‌లలో అదే పనికి డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్ ఉంది. మీ వెర్షన్‌దే ఒక లైవ్ యూఎస్‌బీ (మెషీన్‌ను దాని నుంచే బూట్ చేయగలిగే పెన్‌డ్రైవ్) కూడా పక్కన ఉండాలి.

చేయకూడనివి కూడా చెప్పాలి, టెన్షన్‌లో చేసేవి ఇవే కాబట్టి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 అడుగుతుంటే 3కు ఆ పేరుతో లింకు పెట్టేయకండి. ఆ అంకె ఊరికే లేదు, లోపలి ఫంక్షన్ల ఒప్పందం మారిందని చెప్పడానికే అది మారింది. పేరు దొరికినా 'వెర్షన్ నాట్ ఫౌండ్' అని ఆగుతుంది. ఆ పరీక్ష లేని వేరే లైబ్రరీల్లో అయితే ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ లెక్కలు తప్పు చూపినా చూపుతుంది, అది ఇంకా ప్రమాదం. గ్లిబ్‌సీ అంటే దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడే మూల లైబ్రరీ; 'గ్లిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్' అంటే ఆ ప్రోగ్రాంను మీకన్నా కొత్త సిస్టమ్ కోసం తయారుచేశారని అర్థం. ఉబుంటు 20.04లో ఉండేది 2.31, 22.04లో 2.35. మీ వెర్షన్‌కు తగిన ప్రోగ్రాంనే తయారుచేసినవాళ్లను అడగండి, లేదా కంటైనర్‌లో (తన లైబ్రరీలు తనతోనే ఉండే విడి పెట్టెలో) నడపండి. పక్క మెషీన్ నుంచి లిబ్‌సీ ఫైలు తెచ్చి పైన వేశారంటే ఎల్‌ఎస్, సీపీ, సుడో దాదాపు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. అప్పుడు ఆ లైవ్ యూఎస్‌బీయే దిక్కు.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే నిజంగానే ఫైలు పాడవుతుంది. దాని గుర్తు వేరు: 'ఫైల్ టూ షార్ట్' లేదా 'ఇన్‌వ్యాలిడ్ ఈఎల్ఎఫ్ హెడర్' అంటుంది. ఫైలు ఉంది కానీ లోపల సగమే ఉంది. ముందు డీపీకేజీ, రెండు హైఫన్లతో కాన్ఫిగర్, హైఫన్ ఏ నడిపి మధ్యలో ఆగినవాటిని పూర్తి చేయించండి, తర్వాత ఫిక్స్ బ్రోకెన్ ఆప్షన్‌తో ఆప్ట్ ఇన్‌స్టాల్, ఆపైన పాడైన లైబ్రరీ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేయండి. డెబ్‌సమ్స్ ముందే వేసి ఉంటే ఇంకేవి పాడయ్యాయో అది పట్టిస్తుంది. ఉబుంటులో రోజూ తనంతట తాను అప్‌డేట్ చేసుకునే ఏర్పాటు ఉంటుంది. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇచ్చిన రోజు నుంచి వాన తెరిపి ఇచ్చేదాకా దాన్ని ఆపి ఉంచండి, తర్వాత మరిచిపోకుండా మళ్లీ ఆన్ చేయండి. 2023 డిసెంబరు మొదట్లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపే నెల్లూరు జిల్లాలో వానలు దంచేశాయి. కాబట్టి తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చూసి ఆగకండి, హెచ్చరిక రాగానే ఆపేయండి.

యూపీఎస్ బ్యాటరీ పాతదైతే మార్చండి. ప్యాకేజీల పేర్లు, కాన్ఫ్ ఫైలులో రాసిన వరుసలు ఒక కాగితం మీద రాసి మెషీన్ పక్కన గోడకు అంటించండి. ఆ రాత్రి డ్యూటీలో ఉండేది మీరు కాకపోవచ్చు.