కాలస్ ఏపుగా ఉంది, మందు మాత్రం లేదు: ఔషధ మొక్కల టిష్యూ కల్చర్‌లో సమస్యలు - పరిష్కారాలు

మొక్క కణాలు పెరగడం వేరు, ఆ కణాల్లో మందు తయారవడం వేరు. ఔషధ మొక్కల టిష్యూ కల్చర్‌లో, అంటే మొక్క ముక్కను సీసాలో పోషకాల మీడియం మీద పెట్టి కాలస్ అనే కణాల ముద్దను పెంచే పనిలో, వచ్చే తలనొప్పులు చాలావరకు ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే వస్తాయి. ఏదైనా తేడా కనబడగానే ప్రాజెక్టు చేసే పిల్లలు ముందుగా హార్మోన్ల మోతాదు మార్చేస్తారు. నిజానికి అది చివర్లో ముట్టుకోవాల్సిన విషయం. ఆ లక్షణం ఎన్నో రోజు కనిపించింది, ఎన్ని సీసాల్లో కనిపించింది, సీసాలో ఏ చోట మొదలైంది అన్నవి ముందు చూడాలి. ఈ మూడు నోటుబుక్కులో రాసి ఉంటే కారణం ఇట్టే దొరుకుతుంది.

హైదరాబాద్‌లో మే నెల ఎండ, జులై ముసురు, బోరు నీళ్లు, మధ్యలో పోయే కరెంటు, వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

సీసాల్లో బూజు, బ్యాక్టీరియా

మొక్క ముక్క పెట్టని సీసాల్లో కూడా రెండు మూడు రోజుల్లోనే మసక వస్తే తప్పు మీడియందే, అంటే ఆవిరి ప్రెషర్‌తో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌దే. 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ప్రెషర్‌లో 15 నుంచి 20 నిమిషాలు ఆగకుండా నడవాలి. మధ్యలో కరెంటు పోయి వస్తే మిగిలిన నిమిషాలు మాత్రమే నడిపి దించేస్తుంటారు. అలా కుదరదు, మళ్లీ 121కి చేరాక లెక్క మొదటి నుంచి పెట్టాలి. ప్రతి బ్యాచ్‌లో నాలుగైదు సీసాలు ఖాళీగా వదిలేసి, మూడు నాలుగు రోజులు ఆగి మిగతావి వాడితే ఈ గొడవే ఉండదు.

మసక ముక్క అడుగునే మొదలైతే అది మొక్కతో పాటు వచ్చిందే. సీసాను లైటుకు ఎదురుగా ఎత్తిపట్టి కింది నుంచి చూడండి. ముక్క ఆనిన చోట తెల్లటి పల్చటి పొర కనిపిస్తుంది, పైనుంచి చూస్తే అసలు తెలియదు. రోడ్డు డివైడర్ మీది బిళ్ళ గన్నేరు కొమ్మ తెచ్చి పెడితే ఇలాగే అవుతుంది. ఆ ఆకుల మీద ఎంత దుమ్ము, పొగ ఉంటాయో చెప్పక్కర్లేదు. ముక్కల్ని 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం, తర్వాత 0.1 శాతం మెర్క్యూరిక్ క్లోరైడ్‌లో మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీళ్లతో నాలుగైదుసార్లు కడగడం మామూలు పద్ధతి. అయితే కణజాలం లోపల దాగిన బ్యాక్టీరియాకు ఇది అందదు. దానికంటే విత్తనాన్ని శుభ్రం చేసి, స్టెరైల్‌గా మొలకెత్తించి, ఆ మొలక నుంచి ముక్కలు తీసుకోవడం వంద రెట్లు నయం. మెర్క్యూరీ కడిగిన నీళ్లను దయచేసి సింకులో పోయకండి. అవి చివరికి చేరేది మూసీలోకే. ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో విడిగా పోసి, వాటిని తీసుకెళ్లేవాళ్లకు అప్పగించండి.

ముక్కకు దూరంగా, మీడియం మీద అక్కడొకటి ఇక్కడొకటి చుక్కల్లా బూజు వస్తే అది గాలి నుంచి గానీ చేతి నుంచి గానీ వచ్చింది. వానాకాలంలో ఇది ఎక్కువ. లామినార్ (వడకట్టిన గాలి వీచే పని బల్ల) ఆన్ చేసి, అగార్ (మీడియంను గట్టిపరిచే పదార్థం) పోసిన పెట్రీ ప్లేట్‌ను అందులో అరగంట తెరిచి ఉంచండి. దాంట్లో కూడా బూజు మొలిస్తే ఫిల్టర్ చూపించాలి, ప్లేట్ శుభ్రంగా ఉంటే మన చేతిపని తీరు మార్చుకోవాలి.

వారాల తరబడి శుభ్రంగా ఉన్న సీసాల్లో ఒక్కసారిగా బూజు చారలు చారలుగా, ఎవరో నడిచి వెళ్లినట్టు వరసగా వస్తే మైట్స్‌ను అనుమానించండి. కంటికి సరిగా ఆనని ఈ పురుగులు ఒక సీసా నుంచి ఇంకో సీసాకు బూజును మోసుకెళ్తాయి. ఆ ర్యాక్ మొత్తం ఆటోక్లేవ్ చేసి పారేయాల్సిందే. మనసొప్పదు, కానీ అట్టే పెట్టుకుంటే గది మొత్తం పోతుంది.

కాలస్ నల్లబడుతోంది

నల్లబడిందంటే చచ్చిపోయిందని కాదు. ముందు 0.1 శాతం ఇవాన్స్ బ్లూ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూడండి. చచ్చిన కణాలు నీలం పీల్చుకుంటాయి, బతికినవి పీల్చవు.

కోసిన చోట ఫీనాల్స్ బయటికొచ్చి, గాలి తగిలి గోధుమరంగుకు తిరగడం మామూలు కారణం. ముదురు కొమ్మల ముక్కల్లో ఇది ఎక్కువ. లేత ముక్కలు తీసుకుని, మొదటి వారం చీకట్లో ఉంచి, లీటరుకు 100 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం వేసి, మొదట్లో తొందర తొందరగా కొత్త మీడియంలోకి మార్చుకుంటూ పోతే చాలావరకు సర్దుకుంటుంది. యాక్టివేటెడ్ చార్‌కోల్ కూడా పనిచేస్తుంది. అయితే అది ఫీనాల్స్‌తో పాటు హార్మోన్లను కూడా పీల్చేస్తుంది. చార్‌కోల్ వేశాక కాలస్ ఆగిపోతే అదే కారణం.

దూలగొండి సంగతి వేరు. దాని కణాల్లో తయారయ్యేది ఎల్-డోపా, పార్కిన్సన్స్ జబ్బుకు వాడే మందు. గాలి తగిలితే అది ఆక్సీకరణ చెంది నల్లగా మారుతుంది. అంటే ఇక్కడ నలుపు కొంతవరకు మనకు కావాల్సిన పదార్థమే పాడైపోతోందన్న సూచన. నూరేటప్పుడు, తీసేటప్పుడు చల్లగా, ఆమ్ల ద్రావణంలో, చకచకా పని ముగించాలి.

అగార్ గట్టిపడలేదు, మొక్కలు గాజులా మెరుస్తున్నాయి

పీహెచ్ 5 కంటే కిందికి పోతే అగార్ జారుగా ఉంటుంది. ఆటోక్లేవ్‌లో పీహెచ్ ఇంకాస్త పడిపోతుంది కాబట్టి ముందే 5.8కి సరిచేసుకోవాలి. అవసరానికి మించి ఆటోక్లేవ్ చేసినా ఇంతే. స్టాక్ సొల్యూషన్‌లో (ముందే చిక్కగా చేసి ఉంచుకునే ద్రావణం) అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటే కాల్షియంను, ఫాస్ఫేట్‌ను కలిపి ఒకే స్టాక్ చేశారన్నమాట. విడివిడిగా చేసుకోండి, అన్నీ డిస్టిల్డ్ వాటర్‌తోనే. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మీడియం లెక్కంతా తలకిందులు చేస్తాయి.

ఆకులు నీరు పట్టి గాజులా మెరుస్తూ, ముట్టుకుంటే పుటుక్కున విరిగిపోతుంటే సీసాలో తేమ ఎక్కువైంది, లేదా సైటోకైనిన్ అనే హార్మోన్ ఎక్కువైంది. ట్యూబులైట్ల చోక్‌లు ర్యాక్ కిందే బిగించి ఉంటే పై అరలోని సీసాలు అడుగు నుంచి వేడెక్కి, మూతకు నీటి చుక్కలు పట్టేస్తాయి. చోక్‌లు గది బయటికి మార్చడం చిన్న పనే, ఎలక్ట్రీషియన్ చేసి వెళ్తాడు.

షేకర్ మీద కణాలు గడ్డ కట్టాయి, లేదా కదలిక లేదు

సస్పెన్షన్ (ద్రవ మీడియంలో కణాల్ని ఊపుతూ పెంచడం) మొదలుపెట్టేటప్పుడు కణాలు మరీ తక్కువ వేస్తే అవి పెరగవు. ఒంటరి కణాలు చుట్టూ ఉన్న కణాల తోడు లేకుండా విభజన చెందవు. మీడియంలో పదో వంతు దాకా పాత సస్పెన్షన్ వేయండి. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్లే పోయండి, 100 నుంచి 120 ఆర్‌పీఎం సరిపోతుంది.

షేకర్ ఆగితే కణాలు అడుగుకు దిగి, ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. కరెంటు వచ్చినా చాలా డిజిటల్ షేకర్లు తమంతట తాము తిరగవు. శనివారం సాయంత్రం ఆగిన షేకర్‌ను సోమవారం పొద్దున్న చూసుకోవడం ఎంత బాధో పడ్డవాళ్లకే తెలుసు. ఉన్న ఒక్క యూపీఎస్‌ను ముందు షేకర్‌కు ఇవ్వండి. లైట్లు కొన్ని గంటలు లేకపోయినా కొంప మునగదు. ఎండాకాలంలో మాత్రం తర్వాతి వంతు ఏసీదే. 25 డిగ్రీలు ఉండాల్సిన గది 32 దాటితే కణాలు వెంటనే చావకపోవచ్చు కానీ ఆ బ్యాచ్ ఫలితాన్ని దేనితోనూ పోల్చలేం.

కణాలు నిక్షేపంలా ఉన్నాయి, మందు సున్నా

అసలు విషయం ఇదే. కాలస్ తెల్లగా, పొడిపొడిగా, చూడ ముచ్చటగా పెరుగుతుంది. మందును కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో మాత్రం పీక్ (మందు ఉన్నట్టు చూపే గీత) రాదు. ఎరువు ఎక్కువైన వరి ఏపుగా పెరిగి తాలు పోయినట్టు ఉంటుంది వ్యవహారం.

మొదటి కారణం: ఆ మందు ఈ కణాల్లో తయారయ్యేదే కాకపోవచ్చు. బిళ్ళ గన్నేరు నుంచి వచ్చే క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌నే తీసుకోండి. అది విండోలిన్, కాథరాంథిన్ అనే రెండు ముక్కలు కలిసి ఏర్పడుతుంది. విండోలిన్ తయారీలో చివరి మెట్లు ఆకులోని కొన్ని ప్రత్యేక కణాల్లోనే జరుగుతాయి, వాటికి వెలుతురు కూడా కావాలి. కాలస్‌లో ఆ కణాలే ఉండవు. ఎన్ని హార్మోన్లు మార్చినా అక్కడ విన్‌బ్లాస్టిన్ కోసం వెతకడం దండగ. అదే కాలస్‌లో అజ్మలిసిన్, సర్పెంటిన్ కోసం చూడండి, అవి దొరుకుతాయి. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే, మనకు కావాల్సిన పదార్థం వేరులో తయారవుతుందా, ఆకులోనా, ఏ కణంలోనైనానా అని తెలుసుకోవాలి. వేరులో తయారయ్యేదైతే వేరు కల్చరే చేయాలి.

రెండో కారణం: పెరుగుదల మీడియమే మందుకు అడ్డం పడటం. 2,4-డి అనే హార్మోన్ కణ విభజనను బాగా రెచ్చగొడుతుంది, బిళ్ళ గన్నేరులో ఆల్కలాయిడ్లను మాత్రం తొక్కేస్తుంది. దీనికి పరిష్కారం రెండు దశల పద్ధతి. మొదట 2,4-డి ఉన్న మీడియంలో కణాల్ని పెంచి, తర్వాత వడకట్టి, హార్మోన్ తీసేసిన గానీ ఎన్‌ఏఏ అనే ఇంకో హార్మోన్ ఉన్న గానీ ఉత్పత్తి మీడియంలోకి మార్చాలి. దీనికి గొప్ప ఉదాహరణ షికోనిన్. 1980లలో జపాన్‌లో మిత్సుయి కంపెనీ మొక్క కణాల నుంచి వ్యాపార స్థాయిలో తీసిన ఎర్రటి పదార్థం అది. అమ్మోనియం ఉంటే ఆ కణాలు పెరుగుతాయి కానీ షికోనిన్ చేయవు. నైట్రేట్ మాత్రమే ఇచ్చి చీకట్లో ఉంచితే ఎర్రబడతాయి. మామూలుగా వాడే ఎంఎస్ (మురాషిగె-స్కూగ్) మీడియంలో అమ్మోనియం దండిగా ఉంటుందని గుర్తుపెట్టుకోండి. హార్మోన్లు మార్చి మార్చి విసిగిపోయినవాళ్లు ఒక్కసారి నత్రజని వైపు, చక్కెర వైపు కూడా చూడాలి.

మూడో కారణం: తొందరగా కోసేయడం. చాలా మందులు కణాల పెరుగుదల ఆగిపోయే దశలో పోగవుతాయి. ఒక్క రోజు నమూనా తీసి లేదని తేల్చేయకండి. రెండు మూడు రోజులకొక ఫ్లాస్కు చొప్పున తీసి, పొడి బరువు, మందు రెండూ పక్కపక్కన గీసి చూడండి. ఈ ఒక్క గ్రాఫ్ చెప్పినంత ఇంకేదీ చెప్పదు.

ఎలిసిటర్ ఇచ్చినా తేడా లేదు

ఎలిసిటర్ అంటే మందు తయారీని రెచ్చగొట్టడానికి కణాలకు ఇచ్చే పదార్థం. టాక్సస్ చెట్టు కణాలకు 100 మైక్రోమోలార్ మిథైల్ జాస్మొనేట్ ఇస్తే పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు బాగా పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 1996లో చూపించారు. అప్పటి నుంచి అందరం అదే వాడుతున్నాం. ఆల్కహాల్‌లో 50 మిల్లీమోలార్ స్టాక్ చేసుకుని, 50 మిల్లీలీటర్ల ఫ్లాస్కుకు 100 మైక్రోలీటర్లు వేస్తే సరిగ్గా 100 మైక్రోమోలార్ అవుతుంది. కంట్రోల్ (ఎలిసిటర్ ఇవ్వని) ఫ్లాస్కుకు అంతే ఆల్కహాల్ వేయాలి.

కంట్రోల్‌లో కూడా మందు పెరిగిపోయి తేడా కనిపించకపోతే రెండు రకాల ఫ్లాస్కులూ ఒకే షేకర్ మీద ఉన్నాయేమో చూడండి. మిథైల్ జాస్మొనేట్ గాలిలోకి ఆవిరవుతుంది. దూది మూత దాన్ని ఆపదు, పక్క ఫ్లాస్కులకూ అందుతుంది. కంట్రోల్‌ను వేరే గదిలో పెట్టండి.

ఇంకో చిక్కు ఉంది. ఎలిసిటర్ వల్ల కణాల పెరుగుదల తగ్గుతుంది. లీటరుకు 12 గ్రాముల పొడి కణాలు, గ్రాముకు 2 మిల్లీగ్రాముల మందు ఉంటే మొత్తం 24 మిల్లీగ్రాములు. ఎలిసిటర్ తర్వాత గ్రాముకు 3 అయినా, కణాలు 7 గ్రాములకు పడిపోతే మొత్తం 21 మాత్రమే. గ్రాము లెక్క చూసి సంబరపడకుండా లీటరు లెక్క కూడా రాయండి. కణాలు బాగా పెరిగాక, చివరి దశలో ఇస్తే ఈ నష్టం తగ్గుతుంది.

మొదట్లో వచ్చేది, ఇప్పుడు తగ్గిపోతోంది

సబ్‌కల్చర్లు (కణాల్ని కొత్త మీడియంలోకి మార్చడాలు) పెరిగేకొద్దీ వేగంగా పెరిగే కణాలదే పైచేయి అవుతుంది, అవి మందు చేసే కణాలే అవ్వాలని లేదు. పైగా క్రోమోజోముల్లో కూడా మార్పులు వస్తాయి. ప్రతి సీసా మీద ఎన్నో సబ్‌కల్చరో తప్పకుండా రాయండి. మంచి లైన్ దొరికితే రెండు ర్యాకుల్లో, ఇద్దరి చేతుల్లో విడిగా పెంచండి. ద్రవ నైట్రోజన్‌లో దాచే వసతి ఉంటే మరీ మంచిది. లేకపోతే తల్లి మొక్కను కుండీలో కాపాడుకుని, దిగుబడి పడిపోగానే మళ్లీ మొదటి నుంచి కాలస్ తీయండి.

ఈ బెడద తక్కువ ఉండేది హెయిరీ రూట్స్‌లో. అశ్వగంధ వేర్లను ఆగ్రోబాక్టీరియం రైజోజీన్స్ అనే బ్యాక్టీరియాతో హెయిరీ రూట్స్‌గా మారిస్తే హార్మోన్ లేకుండానే పెరుగుతాయి. కొన్ని వారాలకు మీడియం మసకబారితే బ్యాక్టీరియా ఇంకా మిగిలే ఉంది. సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ప్రతి సబ్‌కల్చర్‌కూ తగ్గిస్తూ ఆపేయాలి. పీసీఆర్‌లో రోల్-బి (వేరులోకి చేరే జన్యువు) రావాలి, విర్-డి (బ్యాక్టీరియాలోనే ఉండిపోయే జన్యువు) రాకూడదు. విర్-డి వచ్చిందంటే బ్యాక్టీరియా పోలేదు. వేర్ల ముద్ద మధ్యలో గోధుమరంగు తిరిగితే గాలి అందట్లేదు, ముద్దను విడదీసి తక్కువ మీడియంలో వేయండి.

పీక్ రాలేదు: తప్పు కణాలదా, తీసిన పద్ధతిదా?

కణాలను తప్పుపట్టే ముందు తీసిన పద్ధతిని పరీక్షించండి. పొడిలో తెలిసినంత స్టాండర్డ్ (స్వచ్ఛమైన మందు) కలిపి, అదే పద్ధతిలో తీసి, ఎంత తిరిగొచ్చిందో చూడాలి. సగం కూడా రాకపోతే మందు తీసే పద్ధతిలోనే పోతోంది. అంతకుముందు ఆరబెట్టేటప్పుడు ఓవెన్‌లోనూ పోవచ్చు. ఓవెన్ వేడి తగ్గించి 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి, లైయోఫిలైజర్ (గడ్డకట్టించి ఆరబెట్టే యంత్రం) ఉంటే అదే వాడండి. కణాల్ని వడకట్టాక మీడియంను పారబోయకండి. కొన్ని కణాలు మందును బయటికి వదిలేస్తాయి, దాన్ని మీడియంలో వెతికితేనే దొరుకుతుంది. అలా బయటికొచ్చేదైతే ఫ్లాస్కులోనే ఎక్స్‌ఏడీ రెజిన్ వేసి చూడండి. మందు రెజిన్‌కు అంటుకుని మీడియంలో తగ్గిపోతుంది కాబట్టి కణాలు ఇంకా వదిలే వీలుంటుంది. రెజిన్ హార్మోన్లను కూడా పట్టేస్తుంది కనుక దాన్ని ఉత్పత్తి దశలోనే వేయండి, పెరుగుదల దశలో వద్దు.