టీసీ చివర్లో తీసుకోండి: ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని బడి మార్చేటప్పుడు

బడి మార్చాలనుకోగానే చాలామంది ముందు టీసీ తెచ్చేసుకుంటారు. అది ఆఖరున చేయాల్సిన పని. పాత బడిలో పేరు తీసేశాక కొత్తచోట కుదరకపోతే పిల్లాడు ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. జూన్‌లో బడులు తెరిచేదాకా ఆగకుండా, ఏప్రిల్‌లో సెలవులు ఇవ్వకముందే, పాఠాలు జరుగుతున్నప్పుడే కొత్త బడి చూసి రండి.

అంతకంటే ముందు మీ మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం గవర్నమెంటు నడిపే కేంద్రం) వెళ్లి సహిత విద్య టీచరును, అంటే ఈ పిల్లల చదువు చూసే ప్రత్యేక టీచరును కలవండి. ఏ బడిలో పిల్లాడికి వీలుగా ఉంటుంది, ఫిజియోథెరపీ ఎక్కడ జరుగుతుంది అన్నవి వాళ్లకు తెలిసినంతగా హెడ్‌మాస్టర్లకు తెలియవు. కర్నూలు టౌన్‌లో పేరున్న ప్రైవేటు స్కూలు కన్నా, భవితకు దగ్గర్లోని మామూలు గవర్నమెంటు బడే చాలామంది పిల్లలకు మేలు.

బడికి వెళ్లాక మాటలు నమ్మొద్దు, కళ్లతో చూడండి. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. రెండు మెట్ల మీద నాలుగడుగుల సిమెంటు వాలు పోసి అదే ర్యాంపు అంటారు. దానిమీద చక్రాల కుర్చీ ఎక్కించబోతే వెనక్కి ఒరుగుతుంది. బాత్‌రూం తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పుతో, బయటికి తెరుచుకునేలా ఉండాలి. లోపలికి తెరుచుకునేదైతే, పిల్ల జారిపడి తలుపుకు అడ్డంగా ఉంటే బయటివాళ్లు తెరవలేరు. వినికిడి లోపమున్న పిల్లలకైతే టీచరు నిలబడే చోటు చూడండి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది, పెదాల కదలిక అందదు. రేకుల గదిలో వాన పడితే మిషన్ పెట్టుకున్న చెవికి ఆ మోత తప్ప ఇంకేమీ వినపడదు.

కాగితాల్లో సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, స్టడీ సర్టిఫికెట్, భవితలో రాసిన అసెస్‌మెంట్ నకలు ఉంచుకోండి. సదరం తాత్కాలికంగా ఇచ్చినదైతే గడువు తేదీ చూడండి. తీరిపోతే మళ్లీ స్లాట్ దొరకడానికి రోజులు పడుతుంది.

‘అలాంటి పిల్లలకు మా దగ్గర టీచర్లు లేరు’ అంటే గొడవ పెట్టుకోవద్దు. దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకోండి. గవర్నమెంటు నిధులు తీసుకునే బడి గానీ గుర్తింపు పొందిన బడి గానీ వైకల్యం పేరుతో చేర్చుకోకుండా ఉండకూడదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతుంది. 8వ తరగతి వరకు టీసీ ఆలస్యమైందని గవర్నమెంటు బడిలో అడ్మిషన్ ఆపడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం తప్పు. ముద్ర వేసిన కాపీ పట్టుకుని ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరికి, అక్కడా కాకపోతే డీఈఓ (జిల్లా విద్యాధికారి) దగ్గరికి వెళ్లండి. సగం పనులు ముద్ర అడగగానే అయిపోతాయి.

అసలు చిక్కు కంప్యూటర్‌లో వస్తుంది. పిల్లాడి పెన్ నంబర్ (బడి మారినా మారని శాశ్వత విద్యా సంఖ్య) పదకొండు అంకెలు, రాసిపెట్టుకోండి. పాత బడి ఆన్‌లైన్‌లో పేరును డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలిన పిల్లల జాబితాలోకి) వదిలితేనే కొత్త బడి పెన్ నంబరుతో తీసుకోగలదు. టీసీ చేతికిచ్చి ఈ పని మరిచిపోతారు. అప్పుడు కొత్తచోట హాజరు పడదు. తొందరపడి కొత్త పేరుగా ఎక్కిస్తే ఒకే పిల్లాడు రెండుచోట్ల కనిపిస్తాడు. ప్రత్యేక అవసరాల గడి నింపకపోతే ఎస్కార్ట్, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సులూ ఆగిపోతాయి. చేర్పించిన రెండు వారాలకు హెడ్‌మాస్టర్ను అడిగి స్క్రీన్ మీదే చూడండి. 2022లో కర్నూలు నుంచి నంద్యాల వేరు జిల్లా అయింది కాబట్టి, అటూ ఇటూ మారేవాళ్లు భవిత ఫైలు నకలు చేతిలో పట్టుకెళ్లడమే మంచిది.

ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి (కూలిపనులకు వలస) వెళ్లేవాళ్లు కొన్ని నెలల కోసం టీసీ తీసుకోవద్దు. సీజనల్ హాస్టల్‌లో (వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం ఆ నెలల్లో నడిపే హాస్టల్) పిల్లాడిని చూసుకోగలరా అని భవిత టీచరుతో మాట్లాడండి.

చేర్చేరోజు క్లాస్ టీచరుకు ఒక్క పేజీ రాసివ్వండి: ఏం పిలిస్తే పలుకుతాడు, దేనికి బెదురుతాడు, బాత్‌రూంకి ఎలా అడుగుతాడు, ఏ మందు ఎన్నింటికి, ఫిట్స్ వస్తే ఏం చేయాలి. గంట మోతకు, గుంపుకు బెదిరే పిల్లలను ప్రార్థన అయ్యాక పంపిస్తామని ముందే ఒప్పించుకుని, మొదటి వారం మధ్యాహ్న భోజనం దాకే ఉంచండి.

పదో తరగతిలో మాత్రం వీలైనంత వరకు మార్చొద్దు. పరీక్ష రాసిపెట్టే మనిషి, అదనపు సమయం లాంటి వెసులుబాట్లకు నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడే వివరాలు ఎక్కాలి. తప్పనిసరై మారితే చేరిన రోజే ఆ సంగతి హెడ్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.