విమాన సిబ్బంది తమ రేడియేషన్ లెక్కను తామే రాసుకోవడం ఎలా?

విమాన సిబ్బందికి అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల (కాస్మిక్ కిరణాల) వల్ల అందే రేడియేషన్‌ను వృత్తిపరమైనదిగానే పరిగణించాలని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 1990 నాటి సిఫార్సుల్లోనే చెప్పింది. అయినా ఎక్స్‌రే గదిలో పనిచేసేవారు పెట్టుకునే, రేడియేషన్‌ను కొలిచే డోసిమీటర్ బ్యాడ్జి వీరి యూనిఫాం మీద సాధారణంగా కనిపించదు. మార్గం, ఎత్తు, సమయం తెలిస్తే డోసును, అంటే ఒంటికి అందిన రేడియేషన్ మోతాదును, కంప్యూటర్‌తోనే లెక్కగట్టవచ్చు. సంస్థ ఆ లెక్క ఇచ్చినా ఇవ్వకపోయినా, ఎవరిది వారు రాసుకోవడమే మేలు.

లాగ్‌బుక్‌లో ప్రతి ప్రయాణానికీ బయలుదేరిన, దిగిన విమానాశ్రయాలనూ, క్రూయిజ్ ఎత్తునూ (విమానం పైకెక్కాక నిలకడగా ఎగిరే ఎత్తు), ఆ ఎత్తులో గడిపిన గంటలనూ నమోదు చేయాలి. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ రూపొందించిన ‘కారీ’ ప్రోగ్రాంలో ఈ వివరాలు నింపితే డోసు తెలుస్తుంది. డోసును కొలిచే ప్రమాణం సీవర్ట్; వెయ్యి మైక్రోసీవర్ట్‌లు ఒక మిల్లీసీవర్ట్. చేతిలెక్కకైతే గంటకు 4 మైక్రోసీవర్ట్‌లు అనుకుంటే 800 గంటలకు 3.2 మిల్లీసీవర్ట్‌లు అవుతుంది. ధ్రువాల వైపు భూ అయస్కాంత క్షేత్రం ఈ కిరణాలను అంతగా మళ్లించలేదు కాబట్టి ఆ మార్గాల్లో డోసు పెరుగుతుంది, భూమధ్యరేఖ దగ్గర తగ్గుతుంది. ఐదేళ్ల సగటున ఏటా 20 మిల్లీసీవర్ట్‌లన్న కమిషన్ వృత్తి పరిమితికి ఇది చాలా దిగువే గానీ, ఆ అంకె లోపల ఉంటే ప్రమాదమే లేదనుకోవడం పొరపాటు.

గర్భిణుల విషయంలో లెక్క మారిపోతుంది. గర్భం సంగతి తెలియజేసిన తర్వాత శిశువుకు అందే డోసు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది కమిషన్ సిఫార్సు. పై లెక్కన 250 గంటలకే అది నిండుతుంది. నెలకు 80 గంటలు ఎగిరేవారికి అది మూడు నెలల పైచిలుకు మాత్రమే కనుక, సంస్థకు ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

అమెరికాలో 5,366 మంది కేబిన్ సిబ్బందిపై జరిపి 2018లో ప్రచురించిన హార్వర్డ్ అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్, మెలనోమా (ప్రమాదకరమైన ఒక చర్మ క్యాన్సర్), ఇతర చర్మ క్యాన్సర్లు సాధారణ జనాభాలో కంటే ఎక్కువగా కనిపించాయి. దీన్ని రేడియేషన్ ఒక్కదానికే అంటగట్టలేం. నిద్రవేళలను తారుమారు చేసే రాత్రి షిఫ్టులను 2007లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ‘బహుశా క్యాన్సర్ కారకం’గా వర్గీకరించింది. అందుకే రాత్రి డ్యూటీలనూ, దాటిన టైమ్ జోన్లనూ పక్క గడిలో రాయాలి.

కొన్ని విమానాల కాక్‌పిట్ అద్దాలు ఎండలోని యూవీ-ఏ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలను పూర్తిగా ఆపవు కాబట్టి పైలట్లు ముఖానికీ చేతులకూ సన్‌స్క్రీన్ రాసుకోవాలి. చర్మ క్యాన్సర్‌ను త్వరగా గుర్తించడానికి పుట్టుమచ్చ పక్కన స్కేలు పెట్టి, ప్రతిసారీ ఒకే వెలుతురులో ఫొటో తీసుకోవాలి. అంచు వంకరపోయినా, రంగు మారినా, వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటినా చర్మవైద్యుడికి చూపించాలి. అప్పుడు ఏటేటా డోసు మొత్తాలు రాసిన కాగితాన్నీ వెంట తీసుకెళ్లాలి, ఎందుకంటే వైద్యుడు అడగకపోతే వృత్తి సంగతి చెప్పడం మరిచిపోవచ్చు.