హెవీ గ్రాఫిక్స్ సిస్టమ్‌కు ఎస్ఎంపీఎస్ ఎలా ఎంచుకోవాలి? ఎంత బడ్జెట్ పెట్టాలి?

నెల్లూరు, ఒంగోలు స్టూడియోల్లో ఇప్పుడు పెళ్లి వీడియోలు 4కేలో ఎడిట్ చేస్తున్నారు. ఇంజినీరింగ్ పిల్లలు ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడిపి చూస్తున్నారు. ఈ పనుల కోసం లక్షన్నర, రెండు లక్షలు పెట్టి సిస్టమ్ చేయించుకునేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు గురించి వారాల తరబడి ఆలోచిస్తారు. సిస్టమ్ మొత్తానికి కరెంటు అందించే పవర్ సప్లై, అదే ఎస్ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వెయ్యన్నా" అనేస్తారు. నాసిరకం ఎస్ఎంపీఎస్ కాలిపోతే ఒక్కోసారి మదర్‌బోర్డునూ కార్డునూ కూడా తీసుకుపోతుంది. అలాగని అవసరం లేని 1200 వాట్లు కొనడమూ దండగే. వాట్లు లెక్కేసుకుని కొని, మిగిలిన డబ్బు క్వాలిటీ మీద, ఇంటి వైరింగ్ మీద పెట్టడం మంచిదని నా గట్టి నమ్మకం.

ముందు వాట్లు లెక్కేయండి

కార్డు వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠంగా తీసుకునే వాట్లు, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు కలిపి ఒక 100. ఈ మూడూ కూడి, దాని మీద 30 శాతం వేసుకోండి.

ఎడిటింగ్ సిస్టమ్ ఒకటి తీసుకుందాం. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ కార్డుకు 300 వాట్లు. రైజెన్ 9 9950ఎక్స్ ప్రాసెసర్ డబ్బా మీద 170 అని ఉంటుంది కానీ పూర్తి లోడ్‌లో 230 వరకు లాగుతుంది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. 300, 230, 100 కలిపితే 630. ముప్పై శాతం కలిపితే దాదాపు 820. అంటే 850 వాట్లది సరిపోతుంది. అదే 250 వాట్ల ఆర్‌టీఎక్స్ 5070కి, 65 వాట్ల తరగతి రైజెన్ ప్రాసెసర్‌కి అయితే 650 వాట్లు చాలు. 575 వాట్లు లాగే ఆర్‌టీఎక్స్ 5090 పెట్టేవాళ్లకు మాత్రం, పెద్ద ప్రాసెసర్ కూడా ఉంటే, 1200 అవసరం.

ఆ 30 శాతం ఎందుకంటే, పెద్ద కార్డులు రెప్పపాటు కంటే తక్కువ సమయంలో తమ వాట్ల కంటే బాగా ఎక్కువ లాగుతాయి. ఆ ఉదుటుకు తట్టుకోలేని ఎస్ఎంపీఎస్ ఆగిపోతుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ఎస్ఎంపీఎస్‌ల తయారీకి ఉన్న ఏటీఎక్స్ 3.0, 3.1 ప్రమాణాలను ఈ ఉదుటును దృష్టిలో పెట్టుకునే రాశారు. కొత్తది కొంటుంటే 3.1 ఉన్నదే అడగండి.

డబ్బా మీది అంకెను నమ్మకండి

పక్కన అతికించిన లేబుల్‌లో 12 వోల్టుల లైను ఎన్ని ఆంపులో చూసి 12తో గుణించండి. 850 వాట్లది నిజమైనదైతే 70 ఆంపులకు అటూ ఇటూ ఉంటుంది. 45 ఆంపులే ఉంటే కార్డుకూ ప్రాసెసర్‌కూ అందేది 540 వాట్లే, పైన ఎంత పెద్ద అక్షరాలతో 850 అని రాసినా సరే.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే రేటింగులు ఎస్ఎంపీఎస్ కరెంటును ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతాయి, అంతే. 500 వాట్ల లోడ్‌లో రెండింటికీ తేడా 25 వాట్ల చుట్టూ ఉంటుంది. నెలకు 200 గంటలు పనిచేస్తే 5 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా నెలకు 40 రూపాయలు. బిల్లు తగ్గుతుందని గోల్డ్ కొనక్కర్లేదు. గోల్డ్ మోడళ్లకు వారంటీ 7, 10 ఏళ్ల దాకా దొరుకుతుంది, వేడి తక్కువ, ఫ్యాన్ చప్పుడు తక్కువ. నేను గోల్డ్ తీసుకోమనేది అందుకు.

మన కరెంటుకు తట్టుకుంటుందా?

దీన్ని షాపులో ఎవరూ అడగరు. రొయ్యల చెరువుల ఏరియేటర్లు, బోరు మోటార్లు ఒకే లైన్ మీద తిరిగే ఊళ్లలో వోల్టేజ్ బాగా పడిపోతుంటుంది. లేబుల్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉంటే భయం లేదు, స్టెబిలైజర్ కూడా అక్కర్లేదు. చవకవాటిలో చాలావాటికి 200-240 అనే ఉంటుంది. అవి పల్లెలకు వద్దు.

తర్వాత ఎర్తింగ్. క్యాబినెట్‌ను ముట్టుకుంటే జివ్వుమంటోందంటే సాకెట్‌కు ఎర్త్ అందడం లేదని అర్థం. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక వైరు ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజ్ కొలిపించండి. 5 వోల్టుల లోపు ఉండాలి. అలాగే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర చూపించాలి. 1000 వాట్లు దాటిన సిస్టమ్‌ను చిన్న సాకెట్‌కో సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకో పెట్టకండి. 16 ఆంపుల పవర్ ప్లగ్ వేయించండి.

నవంబరు, డిసెంబరు తుఫాన్లప్పుడు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, అప్పుడు యూపీఎస్ కావాలి. అందరూ కొనే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారుచేయడం) మధ్యలో కరెంటు పోతే అదీ చేతులెత్తేస్తుంది. పైన చెప్పిన 630 వాట్ల సిస్టమ్‌కు 1500 వీఏ చూడాలి. ప్యూర్ సైన్ వేవ్, అంటే లైన్ కరెంటులాంటి నున్నటి తరంగం ఇచ్చేదైతే నిశ్చింత. ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ల లోడ్ కూడా లెక్కలో వేసుకోండి.

డబ్బు ఎంత పక్కన పెట్టాలి?

మంచి కంపెనీ 850 వాట్ల గోల్డ్ సుమారు 9 నుంచి 13 వేల మధ్య, 1000 వాట్లది 12 నుంచి 18 వేల మధ్య దొరుకుతుంది. రేట్లు వారం వారం మారతాయి కాబట్టి కొనే రోజు చూసుకోండి. యూపీఎస్, పవర్ ప్లగ్, ఎర్తింగ్ ఖర్చు మొదటే బడ్జెట్‌లో రాసుకోండి. డబ్బు చాలకపోతే క్యాబినెట్ లైట్లు తగ్గించండి, ఎస్ఎంపీఎస్ తగ్గించకండి. సెకండ్ హ్యాండ్‌ది అసలే వద్దు.

కొని బిగించడం

మన షాపులవాళ్లు పెద్ద వాట్లవి ఎక్కువగా చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో హైదరాబాద్ నుంచో తెప్పిస్తారు. సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు అడగండి. వారంటీకి పంపాల్సి వస్తే కొరియర్ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

పాత ఎస్ఎంపీఎస్ కేబుళ్లను కొత్తదానికి పెట్టకండి. ప్లగ్ ఒకేలా కనిపించినా లోపల పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు, డిస్కులు కాలిపోవచ్చు. కార్డుకు పెట్టే 12వీ-2×6 కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్లేదాకా నొక్కండి, దాని మొదట్లోనే వైరు వంచకండి. సరిగ్గా కూర్చోకపోతే కనెక్టర్ వేడెక్కి కరిగిపోవచ్చు. చీమకుర్తి వైపు రాయి దుమ్ము ఉన్నచోట క్యాబినెట్ కింది ఫిల్టర్‌ను నెలకోసారి తుడవండి.

బిగించాక రిటర్న్ గడువు లోపలే రెండు మూడు గంటలు పూర్తి లోడ్‌లో నడిపి చూడండి. రీస్టార్ట్ అయినా, కాలిన వాసన వచ్చినా విప్పి చూడకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ కొంతసేపు నిలిచే ఉంటుంది. అలాగే డబ్బాలో పెట్టి షాపుకు తిరిగి ఇచ్చేయండి.