ఇంజన్ స్టాండు ఊగుతోందా? ముందు ఆ నాలుగు బోల్టులు విప్పి చూడండి

"అన్నా, స్టాండు ఊగుతోంది. రేకు పల్చగా ఉన్నట్టుంది, పెద్దది కొనమంటావా?"

కారులోంచి దించిన ఇంజన్ని వెనక నుంచి పట్టుకుని గాల్లో నిలిపే ఇనుప స్టాండు గురించే ఇది. వారం తిరక్కుండా ఇలాంటి ఫోను ఒకటి వస్తుంది. నేను అడిగేది ఒక్కటే: "బోల్టులు విప్పి కొలిచావా తమ్ముడూ?"

"బిగువుగానే ఉన్నాయన్నా."

బిగువుగా ఉన్నాయా అని నేను అడగలేదు. విప్పి కొలిచావా అని అడిగాను. ఆ తేడా పట్టించుకోకపోవడం వల్లే ఇంజన్లు కిందపడుతున్నాయి. స్టాండు కొనేటప్పుడు అందరూ ఎన్ని కిలోలు మోస్తుందని అడుగుతారు. బరువంతా వేలాడేది మాత్రం ఇంజన్‌కీ స్టాండుకీ మధ్యనున్న నాలుగు బోల్టుల మీద. వాటిని ఇంట్లో ఏ డబ్బాలోంచో ఏరి వేస్తారు.

ఇంజన్ దించడం, ఫ్లైవీలూ క్లచ్చూ విప్పి బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సు ఇంజన్‌కి అతికే భాగం) బోల్టుల రంధ్రాలకి స్టాండు తలకున్న చేతులు తగిలించడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

ఖాళీ స్టాండే కదులుతోంది

కాళ్లనీ నిలువు పోస్టునీ కలిపే బోల్టులు బిగించండి. కొన్న రోజు బిగించి ఆ తర్వాత ముట్టుకోనివాళ్లే ఎక్కువ. అయినా కదులుతుంటే స్టాండుని వదిలి నేలని చూడండి. మన విశాఖలో ఇళ్ల పార్కింగు వాననీళ్లు పోవడానికి గేటు వైపు వాలుగా ఉంటుంది. పైగా గాళ్లున్న పార్కింగ్ టైల్స్. చిన్న చక్రం గాడిలో దిగితే ఒక కాలు గాల్లో ఉన్నట్టే. దళసరి ప్లైవుడ్ ముక్క పరిచి దాని మీద పెట్టండి.

ఇంజన్ ముక్కు కిందికి వాలింది

ఖాళీ స్టాండు తల కాస్త పైకి చూస్తున్నట్టుంటే అది వంకర కాదు. బరువు పడ్డాక సమానంగా రావాలని చాలా స్టాండ్లలో తల గొట్టాన్ని కొద్దిగా పైకెత్తి వెల్డ్ చేస్తారు. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య కొంచెం ఆట ఉండటమూ మామూలే. ఇంజన్ ఎక్కించిన రోజు ఇంజన్ ముందువైపు పుల్లీ నుంచి నేలకి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద రాసుకోండి. ఆ కొలత మారకపోతే భయం లేదు. రోజురోజుకీ తగ్గుతున్నా, తిప్పినప్పుడు లోపల టక్కుమన్నా బోల్టుల్నే అనుమానించాలి.

నా చేతుల మీద జరిగిందే చెబుతాను. గోపాలపట్నంలో ఒకరింటి షెడ్డు. మారుతి ఎస్టీమ్ ఇంజను, అల్యూమినియం బ్లాకు. నాలుగు బోల్టులూ నేనే బిగించాను, పానా ఆగిపోయేదాకా, ఆపైన ఇంకో పట్టు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు సంపు (ఇంజన్ అడుగునుండే ఆయిల్ తొట్టి) విప్పుదామని తిరగేస్తుంటే టక్కుమని ముక్కు జానెడు దిగింది. కింద పెట్టిన చెక్కదుంగ మీద ఆగింది కాబట్టి సరిపోయింది. ఆయిల్ ట్రే పట్టుకుని కూర్చున్న కుర్రాడి వేళ్లు ఆ దుంగకి బెత్తెడు దూరంలో ఉన్నాయి. ఆ దూరం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

విప్పి చూస్తే రెండు బోల్టులకి అల్యూమినియం మరలు స్ప్రింగులా చుట్టుకుని ఊడొచ్చాయి. మిగతా రెండింటి మరలు కొత్తవాటిలా ఉన్నాయి. కానీ వాటి కొనల మీద గుండ్రంగా, తళతళలాడే మచ్చ. అవి రంధ్రం అడుగుకి తగిలి ఆగిపోయాయి. స్టాండు చేతిని బ్లాకుకేసి అదమనే లేదు. బరువంతా మొదటి రెండిటి మీద పడి వాటి మరలు పీక్కొచ్చాయి.

బెల్ హౌసింగ్ రంధ్రాలు చాలావరకు అవతలి వైపుకి తెరుచుకోవు. బోల్టు కొంచెం పొడుగైతే తల వాషర్ని నొక్కకముందే కొన అడుగుకి తగులుతుంది. పానా ఆగిపోతుంది. బిగిసిందని చెయ్యి చెబుతుంది, చెయ్యి చెప్పింది మనం నమ్ముతాం. ఇంజన్ బరువుకి స్టాండు చెయ్యి ఒక అంచున బ్లాకుకి ఆనుకుని ఉంటుంది కాబట్టి సందు కంటికీ కనపడదు.

పొడుగు బోల్టు ఒక్కటే కాదు, ఇదే మోసం ఇంకో రెండు దారుల్లో జరుగుతుంది. బోల్టుకి పూర్తిగా మర ఉండకపోవడం ఒకటి. మామూలు ఎం10 (10 మి.మీ. లావు) సగం మర బోల్టుకి పొడుగు 125 మి.మీ. లోపు ఎంతైనా మర 26 మి.మీ.లే. మిగతా నున్నటి కాడ రంధ్రం మూతి దగ్గర ఇరుక్కున్నా పానా అలాగే ఆగుతుంది. రెండోది రంధ్రంలో పేరుకున్న మట్టి, ఆయిలు. ఆయిలు నిండిన రంధ్రంలో బోల్టుని బలంగా తిప్పితే ఆ ఒత్తిడికి పోత కూడా చిట్లుతుంది. కంప్రెసర్ గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచాకే బోల్టు పెట్టండి.

కొలత ఇలా తీయండి. సన్నని వెల్డింగ్ రాడ్డు ముక్కని రంధ్రంలో అడుగు దాకా దించి, మూతి దగ్గర గోటితో పట్టుకుని తీసి స్కేలు మీద పెట్టండి. 24 మి.మీ. వచ్చిందనుకోండి. స్టాండు చేతి గొట్టం 55, వాషరు 3, కలిపి 58. ఇక్కడ 80 మి.మీ. బోల్టు వేస్తే 22 లోపలికి వెళ్తుంది, అడుగున 2 మిగులుతుంది. అది సరైన బోల్టు. 85 వేస్తే 27 వెళ్లాలి, లోతు 24 కాబట్టి 3 మి.మీ. ముందే ఆగిపోతుంది. అలాగని 70 వేస్తే 12 మాత్రమే పట్టుకుంటుంది. ఇనుప బ్లాకులో బోల్టు లావుకి ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంలో రెండు రెట్లు మర పట్టాలి. అంటే ఎం10కి ఇనుములో 15, అల్యూమినియంలో 20 మి.మీ. రంధ్రం మూతి దగ్గర మర లేని భాగముంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. నాలుగు రంధ్రాల లోతూ ఒకేలా ఉండదు, కాబట్టి నాలుగూ విడివిడిగా కొలవాలి.

ఇంజన్ని పైనుంచి పట్టుకున్న చైన్ పుల్లీ వదిలే ముందు చివరి పరీక్ష ఒకటుంది. పాత కరెంటు బిల్లుని సన్నగా చింపి ప్రతి చేతికీ బ్లాకుకీ మధ్య పెట్టి బిగించండి, తర్వాత లాగండి. కాగితం చిరిగితే చెయ్యి అదిమినట్టు. జారి బయటికొస్తే ఆ బోల్టు అబద్ధం చెబుతున్నట్టు. పట్టుమని ఐదు నిమిషాల పని. దయచేసి దీన్ని మాత్రం వదిలేయకండి.

బోల్టు కొనేటప్పుడు గాజువాక ఆటోనగర్‌కి ఇంజన్‌దే ఒక బోల్టు పట్టుకెళ్లండి. జపాన్ ఇంజన్లలో ఎం10 అంటే చాలావరకు 1.25 పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం 1.25 మి.మీ. మామూలు హార్డ్‌వేర్ కొట్లో ఎం10 అనగానే 1.5 ఇస్తారు. అది రెండు చుట్లు తిరిగి బిగుస్తుంది, పానా వేశారంటే మర పోయినట్టే. సరైన బోల్టు చివరిదాకా చేతి వేళ్లతోనే దిగాలి. తల మీద బలాన్ని చెప్పే అంకె 8.8 గానీ 10.9 గానీ ఉండాలి. మెరుస్తోందని స్టెయిన్‌లెస్ బోల్టు వేయొద్దు. మర ఇప్పటికే పోయుంటే లేత్ షాపులో హెలికాయిల్ (రంధ్రంలో కొత్త మరగా దించే తీగచుట్ట) వేయించండి. "మూడు బోల్టులు చాల్లే" అని ఎవరన్నా వినకండి.

తిప్పుతుంటే బరువుగా ఉంది, పిన్ను తీస్తే గిర్రున తిరుగుతోంది

స్టాండు గొట్టం మధ్యగీతకి ఇంజన్ బరువు పైనో కిందో పడుతోంది. చైను కాస్త వదులుగా తగిలించే ఉంచి, తల తిరక్కుండా ఆపే పిన్ను తీసి చూడండి, బరువైన వైపు కిందికొస్తుంది. చేతుల గాళ్లు అందుకే ఉన్నాయి. ఇంజన్ని ఎటు జరపాలో అటు జరిపి మళ్లీ బిగించండి. గొట్టంలో గ్రీజు సంగతి ఆ తర్వాత.

లాగుతుంటే ఒరిగింది

మూడు చక్రాల స్టాండు అయ్యుంటుంది. ముందు ఒకే చక్రం ఉన్నదాన్ని ఇంటి నేల మీద వాడొద్దనే చెబుతాను. కొనబోయేవాళ్లు వెడల్పు కాళ్లు, నాలుగు పెద్ద ఇనుప చక్రాలు ఉన్నది చూడండి. ముందు కాళ్లు ఇంజన్ సగం పొడుగు దాటి ముందుకి రావాలి. స్టాండు మీద 450 కిలోలని రాసి ఉంటే, అది తలకి దగ్గరగా ఉన్న బరువుకి. ఇంజన్ పొడుగయ్యేకొద్దీ అది తగ్గుతుంది, అందుకే ఇంజన్ బరువుకి రెట్టింపు రాసి ఉన్నదే తీసుకోండి. చిన్న పెట్రోలు కారుకి ఎలాగూ సరిపోతుంది, ఇనుప బ్లాకు డీజిల్ ఇంజన్‌కి మాత్రం ఈ లెక్క చూసుకోవాలి.

పిన్ను తెగడం, వెల్డింగు విడిపోవడం నేను చూసింది చాలా తక్కువ. చీలిక కనిపిస్తే వాడకండి, అంతే.

బోల్టులన్నీ సరిగ్గా ఉన్నా పోస్టు వంగుతోంది

ఇది మన సముద్రపు గాలి పని. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, చదరపు గొట్టం లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. పెదజాలరిపేట వైపు ఇళ్లలోనైతే మరీ ఎక్కువ. పోస్టు మీద చిన్న సుత్తితో పైనుంచి కిందికి కొట్టుకుంటూ రండి. పైన ఖంగుమని, అడుగు జానెడులో మట్టికుండని తట్టినట్టు మొద్దుగా వినిపిస్తే లోపల రేకు లేదు. అలాంటి దాని మీద అతుకు వెల్డింగు నిలవదు, తుప్పు కొట్టుకి ఇచ్చేయండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ సుత్తి దెబ్బ వేశాకే బేరమాడండి. కొత్తది కొంటే పోస్టు అడుగున చిన్న రంధ్రం వేయించి, పైనుంచి గ్లాసుడు పాత ఇంజన్ ఆయిలు పోసి, నాలుగు పక్కలా పారేలా తిప్పి, కింద డబ్బా పెట్టి రాత్రంతా కారనివ్వండి. పై మూతికి ప్లాస్టిక్ బిరడా పెట్టండి. ఏటా వానలు మొదలయ్యేలోపు ఒకసారి ఇలా చేస్తే చాలు.